బావమరిది శృతి

మా ఇంట్లో మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే డబ్బా ఒకటుంది. దాన్ని ఆన్ చెయ్యాలంటే మడి కట్టుకున్నంత నిష్ఠ కావాలి. ముందు కంప్యూటర్ పూర్తిగా లేవాలి. తర్వాత కేబుల్ గుచ్చాలి, అదీ వెనకవైపు పోర్టులోనే. పచ్చలైటు నిలకడగా వెలిగాకే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరవాలి. వరస తప్పిందా, స్పీకర్లలో టపటపలే. ఈ విధానం ఏ మాన్యువల్లోనూ ఉండదు. మా ఆవిడకి మాత్రం కంఠతా వచ్చు.

టపటపలకి మందు, శబ్దాన్ని కాసేపు దాచుకునే బఫర్ పెంచడమేనని తెలిసినవాళ్లందరూ చెప్పేదే. 64 శాంపిళ్ల నుంచి 1024కి పెంచాను. చప్పుడు పోయింది. అయితే సెకనుకి 48,000 శాంపిళ్ల లెక్కన 1024 అంటే 21 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపితే రెట్టింపు. నా మాట హెడ్‌ఫోన్స్‌లో నాకే ఆలస్యంగా వినబడుతుంటే నాలుక తడబడి, కథ చదవబోతే నత్తి పట్టినట్టే అయింది. మళ్లీ తగ్గించక తప్పలేదు.

ఇవన్నీ చిల్లర జబ్బులు. అసలు రోగం వేరే. పక్కన బ్రౌజర్లో ఏదో మోగితే చాలు, ఈ డబ్బా చెప్పాపెట్టకుండా 48,000 నుంచి 44,100కి దిగిపోతుంది. ఈ రెండో అంకె సీడీలది. డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచిన రోజుల్లో, టేపు గీతకి మూడేసి శాంపిళ్లు పట్టించగా తేలిన లెక్క. టేపులు పోయాయి, అంకె మిగిలింది, దాన్ని నేను మోస్తున్నాను. డబ్బా దిగిన సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అప్పుడు రికార్డయిన పాటని అది 48,000 అనుకునే వాయిస్తుంది. దాంతో పాట దాదాపు 9 శాతం వేగంగా పరిగెత్తి, శృతి పైకి లేస్తుంది. ఒకటి శృతిలో పాడింది ఒకటిన్నర దాటి, రెండు అందక మధ్యలో వేలాడుతుంది. హార్మోనియం మీద ఆ మెట్టే లేదు!

కంపెనీకి మెయిల్ పెట్టాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. సమస్య మా దృష్టిలో ఉందన్నారు. ఉంది, నేను కొన్నప్పట్నుంచీ అక్కడే ఉంది. కంప్యూటర్లో మోగేదాన్ని కూడా రికార్డు చేసుకునే లూప్‌బ్యాక్ 'త్వరలో' అని అట్టపెట్టె మీదే అచ్చేశారు. అట్టపెట్టెకి చెదలు పట్టింది. ఈ మధ్య అప్‌డేట్ వచ్చిందంటే ఆశగా వేశాను. లైట్లకి రంగు ఎంచుకునే సదుపాయం ఇచ్చారు. ఇప్పుడు టపటపలు ఊదారంగులో వస్తున్నాయి.

ఇంత గోలలోనూ ఆ శృతి రోగం నచ్చినవాడు ఒకడున్నాడు, మా బావమరిది. ఘంటసాల పాటొకటి పాడి, పైకి లేచిన తన గొంతు విని మురిసిపోయాడు.

"బావా, నా గొంతులో ఈ హుషారు ఇన్నాళ్లూ ఎక్కడ దాగుందంటావ్?"

చెప్పబోతే మా ఆవిడ కళ్లెర్రజేసింది. పాట అప్పటికే చుట్టాలందరి వాట్సాప్‌కీ చేరింది. మెచ్చుకోళ్లూ వచ్చాయి. కొత్త అప్‌డేట్‌తో ఈ సౌండ్ మారిపోవచ్చని ఎవరో అన్నారట. అది వచ్చేలోగా ఇంకో నాలుగు పాటలు పాడేస్తానని, శనివారం మధ్యాహ్నం భోజనానికి వస్తానని కూడా చెప్పాడు.