పద్దెనిమిది మడతలకు ఒక టీక

మూలము: అల్లపు పోగులపై సోయా ఒక వంతు, వెనిగర్ మూడు వంతులు పోయవలెను. ముద్దను పుల్లలతో మెల్లగా ఎత్తి అందులో అద్దవలెను. చెంచాలో నిలిపి తోలుకు చిల్లు పెట్టవలెను. రసము వెలువడిన పిదప అల్లముతో కూడ ఆరగింపవలెను.

అవతారిక: పై నాలుగు వాక్యాలు ఋషిప్రోక్తాలు కావు. తైవాన్ రాజధాని తైపీలో పుట్టి దేశదేశాలకు పాకిన డిన్ తై ఫంగ్ భోజనశాలలో, కొత్తవాళ్ళు నోరు కాల్చుకోకుండా చెప్పే తినే పద్ధతికి సారాంశం. ఆ పద్ధతి మీద నాకు కోపం లేదు. కోపమల్లా దాని వ్యాఖ్యాతల మీద. ప్రతి బల్లకూ ఒకడుంటాడు, అంతకుముందోసారి తిని వచ్చినవాడు. బుట్ట మూత తీయగానే "ఆగండి, ఎవరూ ముట్టుకోకండి" అని చెయ్యి అడ్డం పెట్టి మడతల మహిమ మొదలెడతాడు. మూలం నాలుగు వాక్యాలు, ప్రవచనం నాలుగు బుట్టలు చల్లారేంత. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు టీక రాసిన మల్లినాథ సూరి మన మెదకు సీమ కొల్చారం వాడే. ఆ ప్రతిన ఈ బల్లల దగ్గర ఎవరికీ గుర్తు రాదు గనక ముల్లును ముల్లుతోనే తీయాలి. ప్రతినలోని రెండో సగం నాకూ వర్తించదని ముందే మనవి.

ప్రతిపదార్థం: అల్లము, సోయా, వెనిగర్, పుల్లలు, చెంచా: సుగమాలు. ముద్ద అనగా షియావోలాంగ్‌బావ్. పల్చటి గోధుమపిండి తోలు, లోపల పంది కీమా, వెదురుబుట్టలో ఆవిరి మీద ఉడికేది. పుట్టిల్లు తైపీ కాదు, షాంఘై శివార్లలోని నాన్‌షియాంగ్ అని ప్రతీతి. రసము: ఇక్కడ కాస్త ఆగాలి, బల్ల దగ్గరి వ్యాఖ్యాత ఎన్నడూ ఆగని చోటు ఇదే గనక. కాగే చారును పిండిలో పోసి మూట కట్టడం మానవమాత్రుల వల్ల కాదు. పంది తోలును గంటల తరబడి మరిగిస్తే అందులోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారి నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు చల్లారితే గడ్డకడతాయి. గడ్డను సన్నగా తరిగి కీమాలో కలిపి చుడతారు, ఆవిరి తగలగానే అది మళ్ళీ చారవుతుంది. మర్మమంతా ఇంతే. మొదటి మడత పడకముందే, ఎవరూ చూడని చోట, ఆ పని అయిపోయింది.

అష్టాదశ శబ్దం మూలంలో లేదు. ముద్ద మూతికి మడతలు పద్దెనిమిదని వ్యాఖ్యాతలందరూ మాత్రం దాన్నే పట్టుకు వేలాడుతున్నారు గనక నేనూ పట్టుకుంటాను. పైగా నాకది ఇష్టమైన సంఖ్య. భారతానికి పర్వాలు 18, యుద్ధం జరిగిన రోజులు 18, కౌరవుల పదకొండూ పాండవుల ఏడూ కలిపితే అక్షౌహిణులు 18, నడుమ చెప్పిన గీతకు అధ్యాయాలు 18. పురాణాలు 18. శక్తిపీఠాలు 18, వాటిలో శ్రీశైలం, అలంపురం, ద్రాక్షారామం, పిఠాపురం నాలుగూ మన నేల మీదివే. చీనా బౌద్ధులకు అర్హతులు 18 మంది. ప్రబంధానికి వర్ణనలు 18. ఈ చివరి దాని దగ్గర నిలవక తప్పదు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం, వనవిహారం, జలక్రీడ, మధుపానం అంటూ ఆలంకారికులు లెక్క చెప్పుకుంటూ పోయారు. తాగుడుకు చోటిచ్చారు, తిండికి ఇవ్వలేదు! నాయకుడు దండెత్తి పోవచ్చు, పెళ్ళాడవచ్చు, విరహంతో వేగిపోవచ్చు. అన్నం తిన్నాడో లేదో కవి చెప్పనక్కర్లేదు. తెలుగు కవులు ఈ అన్యాయాన్ని సహించలేదు. శ్రీనాథుడు నలుడి పెళ్ళిలో విస్తళ్ళు వేయించాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట వానకో వంట, చలికో వంట, ఎండకో వంట వండించి పెట్టాడు. వానాకాలమైతే పప్పూ వడియాలూ వరుగులూ పెరుగూ. వేళ కాని వేళ వచ్చిన భాగవతులకు అన్ని రకాలూ వడ్డించి, కూరలు ఎక్కువ లేవు మన్నించండని బతిమాలుకున్న ఇల్లది. అతిథికి పెరుగన్నం కలుపుకునే విధానం మీద పాఠం చెప్పలేదు. వడియం వంపులు లెక్కపెట్టమనలేదు.

ప్రకృతం అనుసరిద్దాం. మడతలు 18 అన్న మాట నిజమే. తోలు 5 గ్రాములు, కూరు 16 గ్రాములు, వెరసి 21 అన్నదీ నిజమే. తెల్లబట్టల వంటవాళ్ళు అద్దాల వెనక తూచి మరీ చుడుతుంటే చూడవచ్చు. నేననేది ఒక్కటే: ఆ అంకెలు వంటింటి కోసం పుట్టినవి, బల్ల కోసం కాదు. 1996లో టోక్యోలో తెరిచింది మొదలు, ఏ ఊళ్ళో కూర్చున్నా తైపీ ముద్దే నోట్లోకి రావాలంటే కొలత ఉండి తీరాలి. అది పనివాడికి పెట్టిన కట్టుబాటు. తినేవాడు దాన్ని స్తోత్రం చేసుకున్నాడు. స్థాపకుడు యాంగ్ బింగ్‌యీ 1958లో పెట్టింది వంటనూనె కొట్టు. నూనె డబ్బాల్లో రావడం మొదలై విడినూనె బేరం పడిపోతే 1972లో సగం కొట్టును ఈ బుట్టలకు ఇచ్చాడు. ఇల్లు గడవడానికి చేసిన పని అది. దానికింత దివ్యత్వం ఆయన అంటగట్టలేదు. 2010 నాటి గైడులో మిషెలిన్ నక్షత్రం పొందిన హాంకాంగ్ శాఖలోనూ ముద్ద అదే ముద్ద.

"మడత లేకుంటే రసం కారిపోదా?" అని పూర్వపక్షం. కారుతుంది, మూతి మూసుకోవడానికి మడత కావాలి, పల్చటి తోలుకు దగ్గరదగ్గరగా కావాలి. కాని పదిహేడుతో కారి పద్దెనిమిదితో ఆగే రసాన్ని ఎవరూ చూడలేదు. కజ్జికాయ అంచు మడిచే మన ఇల్లాలు ఏనాడూ లెక్క పెట్టలేదు, ఆ కాయ నూనెలో విచ్చుకోనూ లేదు. "పనితనాన్ని మెచ్చుకోవడమూ తప్పేనా?" అని రెండో పూర్వపక్షం. ఇది గట్టిదే. మెచ్చుకోవాలి, కాని చేతిని మెచ్చుకోవాలి. వేళ్ళ కొసలతో అదే మడతను పొద్దస్తమానం నిలబడి వేసే మనిషికి ఎన్నాళ్ళకు ఆ చెయ్యి తిరిగింది, ఎన్ని గంటలకు ఓ చోట కూర్చుంటుంది అని ఈ ప్రవచనకారుల్లో ఎవరైనా అడిగారా? అద్దానికి ఫోను ఆనించి వీడియో తీశారు, అంతే. అంకెను పొగిడితే పొగిడినవాడికి తెలిసినట్టు పేరు వస్తుంది. చేతిని పొగిడితే ఆ పేరు చేతికి పోతుంది. అందుకే ఈ పక్షపాతమని నా అనుమానం.

"కొత్తవాళ్ళకు దారి చూపొద్దా?" అని మూడోది. ఆ దారి చూపడం ఎలా ఉంటుందో చూడండి. సియాటిల్ పక్కన బెల్‌వ్యూలోనూ, శాంటాక్లారాలోనూ ఈ భోజనశాల శాఖలున్నాయి. రెండూ తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు దండిగా ఉన్న ఊళ్ళే. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను పిల్లలు ఇలాంటి చోట్లకు తీసుకుపోవడం సహజం. పేరు నమోదు చేసుకుని, నంబరు పిలిచేదాకా నిలబడి, చివరికి బల్ల దొరికాక, శాకాహారులైన ఆ పెద్దవాళ్ళ ముందుకు కూరగాయల డంప్లింగ్ వస్తుంది. పంది తోలు లేదు గనక అందులో ఆ రసం లేదు. అయినా చిల్లు పెట్టే విధానం, రసం జుర్రే క్రమం వాళ్ళు పూర్తిగా వినాల్సిందే. ఆకలిగా ఉన్నవాణ్ణి, అందులోనూ పెద్దవాళ్ళను, అన్నం ముందు కూర్చోబెట్టి ఆపడం ఏ శాస్త్రం ప్రకారమూ మర్యాద కాదు. ఇక్కడ నాకు హాస్యం తోచడం లేదు.

పైగా ఆ ఆపడం వస్తువుకే చేటు. బుట్ట దించిన కాసేపటికే తోలు ఆరి అడుగున అంటుకుంటుంది, పుల్లలతో లాగితే చిరుగుతుంది, రసం బుట్ట పాలవుతుంది. అప్పుడు వ్యాఖ్యాత "మెల్లగా ఎత్తమన్నానా లేదా" అంటాడు.

కనుక మూలానికి ఈ పాఠాంతరం సమర్పిస్తున్నాను: లోపల కాగే చారు ఉంది, ముందు కొంచెం కొరుకుము. వచ్చిన వెంటనే తినుము. మడతలు లెక్కించువానికి రెండవ బుట్ట తెప్పింపకుము.