జున్ను గిన్నె పద్యం: టీకా తాత్పర్యము

తే. జున్ను గిన్నెను మంచుతోఁ జుట్టి నిలిపి
పాదముల చెంత సమముగఁ బదిలపరచి
మూత దీయక తోవలో మురిపెమునకు
భాగ్యనగరికిఁ జేర్చిన వాఁడె ఘనుఁడు.

అవతారిక

భీమవరం నుంచి హైదరాబాదుకు కారులో జున్ను చేరవేసే విధానాన్ని కవి ఈ తేటగీతిలో ఉపదేశిస్తున్నాడు. కవి పేరు తెలియదు. కాలం కూడా తెలియదు గాని, కారూ ఐసూ రెండూ ఇంట్లో ఉన్న కాలమని పద్యమే సాక్ష్యం చెబుతోంది. భాగ్యనగరి ప్రస్తావనను బట్టి కొడుకో కూతురో అక్కడ ఉద్యోగంలో కుదురుకున్న తరవాతి రచన అని ఊహించవచ్చు. మేఘసందేశంలో యక్షుడు రామగిరి నుంచి అలకాపురికి దారి చెప్పి మేఘాన్ని పంపాడు. అక్కడి సరుకు నీళ్ళు, దారిలో నాలుగు చినుకులు రాలినా ఎవరూ లెక్క అడగరు. ఇక్కడి సరుకు జున్ను. ఆ కావ్యానికి మెదకు ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. ఈ పద్యానికి అంతటివాడు దొరకలేదు కనుక పాఠకులు ఈ టీకతో సరిపెట్టుకోవాలి.

ప్రతిపదార్థము

జున్ను గిన్నెను = జున్ను ఏ గిన్నెలో ఉడికిందో ఆ గిన్నెనే; మంచుతోన్ = ఐసుతో; చుట్టి = నాలుగు పక్కలా, మీద కూడా కప్పి; నిలిపి = ఊగకుండా ఆనించి; పాదముల చెంతన్ = ముందుసీటు వెనక, కాళ్ళు పెట్టుకునే చోట; సమముగన్ = మట్టంగా; పదిలపరచి = భద్రంగా ఉంచి; తోవలోన్ = దారిలో; మురిపెమునకున్ = ముద్దుకొద్దీ; మూత తీయక = మూత తెరవక; భాగ్యనగరికిన్ = హైదరాబాదుకు; చేర్చినవాఁడె = చేర్చినవాడే; ఘనుఁడు = గొప్పవాడు.

తాత్పర్యము

అలా చేర్చినవాడే గొప్పవాడు. తక్కినవాళ్ళు బెల్లంనీళ్ళు తెచ్చినవాళ్ళు అని భావం.

వ్యాఖ్య

"జున్ను గిన్నెను": కవి జున్నును అనలేదు, జున్ను గిన్నెను అన్నాడు. ఇక్కడే అతనికి వంటింట్లో ప్రవేశం ఉందని తెలిసిపోతుంది. ఈనిన గేదె తొలి రెండు మూడు రోజులూ ఇచ్చే పాలలో దూడకు రోగనిరోధకశక్తినిచ్చే మాంసకృత్తులు మామూలు పాలలో కంటే ఎన్నో రెట్లు ఉంటాయి. వేడి తగిలితే అవి కోడిగుడ్డు సొనలాగా గట్టిపడతాయి. అందుకే జున్నుకు తోడు అక్కర్లేదు. తొలిపూట పాలు మరీ చిక్కన. ఒక గ్లాసుకు రెండు మూడు గ్లాసుల మామూలు పాలు పోయకపోతే కత్తి దిగడం కష్టం. మూడోనాటి పాలు ఏమీ కలపకపోయినా అంతంత మాత్రంగానే గట్టిపడతాయి. బెల్లం కరిగించి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, గిన్నెను కుక్కర్లో దించి, వెయిట్ పెట్టకుండా ఆవిరి మీద ఉడికిస్తారు.

అలా గట్టిపడిన జున్నులో ఎక్కువ భాగం నీరే. ఆ మాంసకృత్తులు ఒకదానికొకటి అల్లుకుని ఆ నీటిని పట్టి ఉంచుతాయి. అల్లిక ఎక్కడ తెగితే అక్కడ నీరు ఊరుతుంది. జున్ను నీరు విడిచింది అంటారే, అది ఇదే. కనుక ప్రయాణానికి ముందు ముక్కలు కోసి, అందమైన ప్లాస్టిక్ డబ్బాలో సర్దడం కవికి సమ్మతం కాదు. ముక్క ముక్కకూ కొత్త అంచు, అంచు అంచునా కొత్త ఊట. నిండు గిన్నెలో ఉన్న జున్నుకు గిన్నె గోడలే ఆసరా.

వేడి మీద మూత పెట్టడం కూడా దోషమే. ఆవిరి మూతకు తగిలి చుక్కలై మళ్ళీ జున్ను మీదే పడుతుంది. పైభాగం గుంటలు పడి, పలచబడుతుంది. బాగా ఆరనిచ్చి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన గిన్నె మాత్రమే ఈ పద్యంలోని గిన్నె. పొద్దున దించి పొద్దునే బయలుదేరేవాళ్ళ కోసం ఈ పద్యం రాయలేదు. వాళ్ళ ఐసు సూర్యాపేట దాకా కూడా రాదు, గిన్నెలో వేడి చల్లార్చడానికే సరిపోతుంది.

"మంచుతోఁ జుట్టి": ఈ పదం దగ్గర కాస్త ఆగాలి. ఐసు సంగతి పశ్చిమగోదావరి వాళ్ళకు ఒకరు చెప్పాలా? ఆకివీడు చెరువుల్లో పట్టిన కట్ల, రోహు చేపలు మంచులో మునిగి లారీల్లో బెంగాల్, అస్సాం దాకా వెళతాయి. చేప మీద ఒక వరుస, ఐసు ఒక వరుస, మళ్ళీ చేప. ఆ శాస్త్రమే జున్నుకూ చెల్లుతుంది. థర్మోకోల్ పెట్టె, అడుగున ఐసు, పక్కల ఐసు, మీద ఐసు. చల్లగాలి బరువు, కిందికే దిగుతుంది. మీద ఐసు లేకపోతే గిన్నె అడుగు చల్లగానూ మూత గోరువెచ్చగానూ ఉంటాయి. పెట్టె మాత్రం కొత్తది కొనాలి. రొయ్యలు మోసిన పెట్టెను ఎన్నిసార్లు కడిగినా దాని వాసన పోదు. పాలమీగడకు పక్కవాళ్ళ వాసన పట్టించుకునే గుణం ఉంది. హైదరాబాదులో మూత తీయగానే మిరియాల ఘాటుకు ముందు రొయ్య పలకరిస్తుంది.

ఐసు ఎందుకంత ఘనమైనదో చెప్పడం వ్యాఖ్యాత ధర్మం. కిలో మంచు కరిగి నీరు కావడానికి ఎంత వేడి తాగుతుందో, అంత వేడితో కిలో సున్నా డిగ్రీల నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఇంత తాగుతూ కూడా, పూర్తిగా కరిగేదాకా అది సున్నా దగ్గరే ఉంటుంది. జున్నుకు కావలసింది సరిగ్గా అదే. గడ్డకట్టేంత చలి వద్దు, విరిగేంత వేడి వద్దు.

పూర్వపక్షం: అలాగైతే గిన్నెను ముందురోజే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి రాయిలా చేసి తీసుకుపోరాదా? 400 కిలోమీటర్లు పోయినా కరగదు కదా?

సిద్ధాంతం: కరగదు, నిజమే. కరిగిన నాడు తెలుస్తుంది. లోపలి నీరు మంచు స్ఫటికాలై పెరిగి అల్లికను చీల్చేస్తుంది. కరిగాక ఆ నీరు తిరిగి లోపలికి పోదు. గిన్నెలో మిగిలేది నీళ్ళలో తేలే బరకముద్ద. ఐసులో ఉప్పు చల్లమని సలహా ఇచ్చేవారూ ఇదే కోవ. ఉప్పు వేస్తే మంచు సున్నాకు చాలా కిందికి దిగుతుంది. కుల్ఫీబండి వాడు అందుకే వేస్తాడు, అతను గడ్డకట్టించాలి కనుక. మనం వేస్తే అంచులు బిగుసుకుంటాయి.

ఐసుగడ్డలు విడిగా వేస్తే కరిగిన నీరు పెట్టెలో నిలిచి మూత సందుల్లోంచి జున్నును చేరుతుంది. కనుక నీళ్ళసీసాలు గడ్డకట్టించి పెట్టడం ఉత్తమం. మెడ దాకా నింపకూడదు. నీరు మంచైతే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, సీసా పగులుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే గిన్నెకు ఆనించక, తువ్వాలు చుట్టి ఆనించాలి.

"నిలిపి": సందుల్లో పాతచీరలు, తువ్వాళ్ళు కుక్కాలి. ఖాళీ ఉంటే గిన్నె కదులుతుంది, వెచ్చని గాలీ తిరుగుతుంది. ఇంతకంటే ఇక్కడ చెప్పవలసింది లేదు.

"పాదముల చెంత సమముగ": ఇక్కడ మూడు సంప్రదాయాలు ఉన్నాయి. అత్తగార్లది ఒడి సంప్రదాయం. "ఒళ్ళో పెట్టుకో అమ్మా, కుదుపులు తెలియవు" అంటారు. ఒడి కుదుపును మింగుతుందన్న మాట నిజమే. కాని ఒంటి వేడి 37 డిగ్రీలు, పైగా కోడలికి విజయవాడ దాటగానే నిద్ర వస్తుంది. అల్లుళ్ళది డిక్కీ సంప్రదాయం. సామాను డిక్కీలోనే ఉండాలన్నది వాళ్ళ సిద్ధాంతం. డిక్కీలోకి ఏసీ రాదు, ఎండకు రేకు కాలుతుంది, వెనక చక్రాల మీద పడే ప్రతి ఎత్తుపల్లం అక్కడ రెట్టింపు ఎగురుతుంది. మూడోది సీటు సంప్రదాయం. కారు సీటు వెనక్కి వాలి ఉంటుంది, గిన్నె కూడా దానితో పాటు వాలుతుంది, అందుకే కవి సమముగ అన్నాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ, ముందుసీటు వెనక నేల మీద, నాలుగు మడతలు వేసిన బొంత పరిచి పెట్టె పెడితే కుదుపు అతి తక్కువ. పెట్టె ముందుకు జారకుండా సీటే అడ్డం. పాదముల చెంత అన్నమాటలో వినయధ్వని ఉందనీ, జున్నును అవమానించడమనీ రెండు వాదాలు నడిచాయి. రెండూ కారు ఎక్కనివాళ్ళు చేసిన వాదాలు.

"మూత దీయక తోవలో మురిపెమునకు": పద్యానికి ప్రాణం ఈ పాదం. మొదటి రెండు పాదాల్లోని జాగ్రత్తంతా డబ్బుతో, తువ్వాళ్ళతో అయ్యేది. ఈ పాదానికి మనసు బిగించాలి. జున్నుకు ఎండ శత్రువు, గతుకు శత్రువు, కాని అసలు శత్రువు దాన్ని ప్రేమించేవాడు. కవి ఆకలికి అనలేదు, ఆశకు అనలేదు, మురిపెమునకు అన్నాడు. ఆకలైతే సూర్యాపేటలో హోటళ్ళున్నాయి.

కొన్ని ప్రతుల్లో "మూత దీయుచు" అని పాఠాంతరం. పిల్లలున్న ఇళ్ళలో ఈ పాఠమే ప్రచారంలో ఉంది. ఛందస్సు రెంటికీ సరిపోతుంది. జున్నుకు మాత్రం మొదటిదే సరిపోతుంది.

మూత తీస్తే ఏమవుతుంది? చల్లదనం పోవడం అన్నిటికన్నా చిన్న నష్టం. పెట్టెలో చలి అడుగునే ఉంటుంది కనుక ఒకసారికి కొంపలు మునగవు. అసలు నష్టం చెంచాతో వస్తుంది. ఒక మూల నుంచి ఒక్క ముక్క తీసిన క్షణం గిన్నె గోడ ఆసరా ఆ వైపు పోయింది. ఆ గుంటలో నీరు ఊరడం మొదలు. తరవాతి స్పీడ్‌బ్రేకర్ దగ్గర మిగతా జున్ను ఆ గుంటలోకి జారుతుంది, జారిన చోట పగుళ్ళు, పగుళ్ళలో మళ్ళీ నీరు. ఇక ఎంగిలి చెంచా రెండోసారి దిగితే, పాలూ తీపీ ఉన్న చోట సూక్ష్మజీవులకు పండగ. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరుగుతాయి. అందుకే చల్లని పదార్థాన్ని 5 డిగ్రీలు దాటనివ్వద్దని మన ఆహార భద్రతా నియమాలు చెబుతున్నాయి. చలి తప్పిన పాలవంటకం రెండు గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉండకూడదని అమెరికా వ్యవసాయశాఖ వారి లెక్క. ఆ లెక్క దారిలోని పంతంగి టోల్‌గేటుకు తెలియదు. పండగ తిరుగుప్రయాణంలో ఆ గంట అక్కడే అయిపోతుంది.

మురిపెము ఎన్ని రూపాల్లో వస్తుందో కూడా చెప్పాలి. "నాన్నా, ఒక్క ముక్క" అన్నది ప్రసిద్ధ రూపం, సులభంగా ఎదుర్కోవచ్చు. "మీ అమ్మగారు ఈసారి మిరియాలు వేశారో లేదో చూద్దామండీ" అన్నది పరిశోధన రూపం. "కరిగిపోయిందేమో, ఒకసారి చూడనీ" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరం, బాధ్యత వేషంలో వస్తుంది కనుక. ఈ పాదాన్ని ఉల్లంఘించినవారిని పట్టుకునే ఉపాయం ఊళ్ళో తల్లుల దగ్గర ఉంది. కోదాడ దాటాక ఫోను చేస్తారు.

"ఒరేయ్, మూత తియ్యలేదు కదా?"

"లేదమ్మా."

"పోనీలే. మిరియం ఘాటు ఎక్కువైందేమోనని నాకు బెంగ."

"అబ్బే, సరిగ్గా సరిపోయింది."

ఆ తరవాతి నిశ్శబ్దానికి ఏ వ్యాఖ్యాతా టీక రాయలేదు.

"భాగ్యనగరికిఁ జేర్చిన": చేర్చడమంటే ఎల్బీనగర్ దాకా కాదు, ఫ్రిజ్ దాకా. ఇంటికి రాగానే బల్ల మీద పెట్టి బంధువులకు ఫోన్లు చేయడం చేర్చడం కిందికి రాదు. ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి, గంట ఆగాలి, అప్పుడు కోయాలి. అంచున కాస్త నీరు ఊరి ఉంటే అది దోషం కాదు, వంపి తాగవచ్చు. పుల్లటి వాసన గాని, బుడగలు గాని కనిపిస్తే ఎవరి మీద ప్రేమ ఉన్నా పారబోయాలి.

"వాఁడె ఘనుఁడు": పుంలింగమూ ఏకవచనమూ ఎందుకన్నది చర్చనీయం. పాలిచ్చిన గేదె, ఆ పాలలో మన పాలు పంచిన పాలేరు, కుక్కర్ దగ్గర నిలబడి దించిన తల్లి, పెట్టెను పాదాల మధ్య ఎనిమిది గంటలు కాపలా కాసిన ఇల్లాలు, వీళ్ళెవరూ పద్యంలో లేరు. స్టీరింగు పట్టుకున్నవాడు ఒక్కడే మిగిలాడు. పద్యం రాసినవాడు కూడా అతనే అయి ఉంటాడని నా అభిప్రాయం.

అలంకారము: స్వభావోక్తి అని కొందరు. అతిశయోక్తి అని ఎక్కువమంది, ఇలా చేర్చినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు కనుక.

గిన్నె తిరిగి ఊరికి పంపడం గురించి కవి ఏమీ చెప్పలేదు. ఖాళీ గిన్నె పంపకూడదన్న ఆచారం మాత్రం ఉంది. హైదరాబాదు నుంచి అందులో ఉస్మానియా బిస్కట్లు పెట్టి పంపితే చాలు. వాటికి ఐసు అక్కర్లేదు, టీకా అక్కర్లేదు.