పైన ఒక్క గదే కదా!

మన ఊళ్లలో ప్రతి ఇంటికీ రెండు ప్లాన్లుంటాయి. ఒకటి మున్సిపాలిటీకి ఇచ్చేది, రెండోది మేస్త్రీకి చెప్పేది. ఇల్లు లేచేది ఎప్పుడూ రెండోదాన్ని బట్టే.

జీ ప్లస్ టూకి పర్మిషన్ తెచ్చుకుని నిజంగానే జీ ప్లస్ టూ దగ్గర ఆగిపోయిన మనిషిని కాలనీలో జాలిగా చూస్తారు. "పాపం, పైన ఏమీ వేసుకోలేదా?" అని గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలే పరామర్శిస్తారు.

పైగది ఒక్కసారిగా పుట్టదు. నీళ్ల ట్యాంకు, మెట్ల మీది హెడ్‌రూము ఇంటి ఎత్తు లెక్కలోకి రావని రూల్సులోనే ఉంది. కాబట్టి ముందు హెడ్‌రూము లేస్తుంది. వానకి మెట్లు తడుస్తున్నాయని పక్కన రేకులు వేస్తారు. రేకుల కిందికి పాత మంచం, పాడైన కూలరు, వినాయక చవితి పందిరి కర్రలు చేరతాయి. వాటికి దొంగల భయం గనక గోడ. గోడ లేచాక తలుపు. తలుపు పెట్టాక కుళాయి. కుళాయి ఉండీ బాత్రూము లేకపోతే ఏం బాగుంటుంది? ఓ ఆదివారం పొద్దున గేటుకి బోర్డు వేలాడుతుంది: "పెంట్‌హౌస్ టులెట్. ఫ్యామిలీకి మాత్రమే. నాన్‌వెజ్ వండరాదు. రాత్రి పదికి గేటు వేయబడును." రూల్సుకి విరుద్ధంగా కట్టిన గదిలో ఉండేవాళ్లకు మాత్రం ఇన్ని రూల్సు!

ఇక పక్కల సంగతి. చిన్న స్థలమైనా గాలికీ వెలుతురుకీ కొంత జాగా వదలాలి. దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. కింద వదిలినట్టే కనిపిస్తుంది. మొదటి అంతస్తుకి వచ్చేసరికి సజ్జ రెండడుగులు బయటికొస్తుంది. ఆ పైన సజ్జ బాల్కనీ అవుతుంది. దాని పైన బాల్కనీకి కిటికీ బిగించి వంటిల్లంటారు. పక్కింటివాళ్లూ అదే పని చేయడంతో ఈవిడ పోపు పెడితే ఆవిడ తుమ్ముతుంది. ఇరుగుపొరుగు ఇంత దగ్గరవుతారని రూల్సు రాసినవాళ్లు ఊహించి ఉండరు.

రూల్సు గట్టిగా లేవనకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 ప్రకారం, చిన్నాచితకా ఇళ్లు మినహా, కట్టుబడిలో 10 శాతం ముందే మున్సిపల్ ఆఫీసుకు తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే దానికి విముక్తి. ఆ సర్టిఫికెట్ లేని ఇంటికి రెగ్యులర్ కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వకూడదు, లేదంటే మూడింతలు చార్జీ వేయొచ్చు. తెలంగాణ 2020లో తెచ్చిన చట్టమైతే 75 గజాల్లోపు ఇంటికి అసలు పర్మిషనే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలంది. మోస్తరు ఇళ్లకు యజమాని సంతకాన్నే నమ్మింది. మాట తప్పితే నోటీసు లేకుండా కూలుస్తామనీ చెప్పింది.

ఆ కూల్చివేత కళ్లారా చూడాల్సిందే. మా వీధిలో ఓ పై శ్లాబు మీదికి కుర్రాళ్లు డ్రిల్లింగ్ మిషన్‌తో ఎక్కారు. చెవులు చిల్లులు పడేలా చప్పుడయ్యాక చూస్తే శ్లాబుకి నాలుగు చిల్లులు, వాటిలోంచి తొంగిచూస్తున్న ఊచలు. కింద ఓ ఉద్యోగి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. ఫైల్లో చర్య పూర్తయింది. వారం తిరక్కుండా మేస్త్రీ వచ్చి మూడు చిల్లులు పూడ్చాడు. నాలుగోదాన్ని ఉంచేశాడు, నీళ్ల పైపుకి ఎలాగూ కావాలి కదా అని.

ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే స్కీముల నుంచి. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా కట్టిన అక్రమాలకు అపరాధ రుసుము కట్టండి, సరిచేస్తామన్నారు. తర్వాత తెలంగాణ 2015 అక్టోబరు 28 దాకా కట్టినవాటికి తలుపు తీసింది, అది హైకోర్టులో చిక్కుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018 ఆగస్టు 31 దాకా తీసింది. 1985 మాత్రం ధ్రువనక్షత్రం, కదలదు. ఆఖరి తేదీయే ఎప్పటికప్పుడు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఇలాంటి స్కీములు అసాధారణ పరిస్థితుల్లో, ఒకే ఒక్కసారి ఉండాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కసారి అన్నది మనకు కొత్త కాదు, ప్రతిసారీ అదే అంటున్నాం.

చిక్కల్లా ఒకటే. రుసుము కడితే ఫైలు సరవుతుంది, గోడ అంగుళం కూడా జరగదు. మెట్లు వెడల్పవవు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ ప్రాంతంలోని ఓ ఇంట్లో 17 మంది మంటలకూ పొగకూ బలయ్యారు. అది పాత ఇల్లు, దాని కథ వేరు. కానీ కింద దుకాణాలు, పైన కాపురాలు, బయటికి రావడానికి ఒక్క ఇరుకు దారి ఉంటే ఏమవుతుందో ఊరంతా చూసింది. పొగ రశీదు అడిగి వెనక్కి తిరిగిపోదు.

పైగది అవసరం అబద్ధం కాదు. పెన్షన్ చాలని పెద్దాయనకు ఆ అద్దె కావాలి, చిన్న జీతగాడికి ఆ గది కావాలి. అందుకే దొంగచాటుగా కాకుండా ఆ గదిని ప్లాన్‌లోనే ఒప్పుకుని, బదులుగా వెడల్పాటి మెట్లు, బండి పెట్టుకునే జాగా, గాలి వచ్చే కిటికీ కచ్చితంగా అడగొచ్చు. అధికారి శ్లాబు పోశాక కాకుండా సెంట్రింగ్ కొడుతున్నప్పుడే రావొచ్చు. కానీ అప్పుడే వస్తే తప్పు జరగదు, తప్పు జరక్కపోతే దరఖాస్తు రాదు, దరఖాస్తు లేకపోతే ఖజానాకు పైసా రాదు. సర్కారు తన నోటి ముద్దను తానే తీసేసుకుంటుందా?

కాబట్టి కొత్తగా ఇల్లు కట్టేవారికి ఒకటే మనవి. పై శ్లాబు మీద పిల్లర్ల ఊచలు మూడడుగులు వదిలి ఉంచండి. తుప్పు పట్టేలోగా ఇంకో స్కీము వస్తుంది.