కాగితానికే పతకం

కెప్టెన్ పారిస్ డేవిస్‌కు అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వాలని ఆయన పై అధికారి రాసి పంపిన సిఫారసును అమెరికా సైన్యం పోగొట్టింది. ఫైలన్నాక పోతుంది, దానికేముందిలే అని మళ్ళీ పంపారు. రెండోసారీ పోగొట్టింది. ఒకసారి పోతే పొరపాటు అనుకోవచ్చు. రెండోసారీ పోయిందంటే అది ఆఫీసు పద్ధతి.

1965 జూన్‌లో వియత్నాంలోని బాంగ్ సాన్ దగ్గర జరిగిన పోరాటంలో, ట్రిగ్గర్ నొక్కే వేలు గ్రెనేడ్ దెబ్బకు ఛిద్రమైపోతే డేవిస్ చిటికెనవేలితో తుపాకీ కాల్చారు. వెనక్కి వచ్చెయ్యమని పైనుంచి ఆదేశం వస్తే, నా మనిషి ఇంకా అక్కడే పడి ఉన్నాడు, రానన్నారు. ఆయన నల్లజాతి అధికారి. స్పెషల్ ఫోర్సెస్‌లో అలాంటివారు అప్పటికి వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఫైలు పోవడానికీ దీనికీ సంబంధం ఉందని ఏ కాగితంలోనూ లేదు. ఉండదు కూడా, ఆ కాగితమే కదా పోయింది! చివరికి 2023 మార్చి 3న వైట్‌హౌస్‌లో పతకం మెడలో పడేటప్పటికి ఆయనకు 83 ఏళ్ళు. శత్రువుకు చిక్కని మనిషి సొంత ఆఫీసు బీరువాలో మాయమై, యాభై ఏడేళ్ళకు పైగా దొరకలేదు.

డేవిస్ అదృష్టవంతుడు. ఆయన గురించి పత్రికలు రాశాయి, సాక్షులు బతికి ఉన్నారు, మిత్రులు పట్టు వదల్లేదు. ఇవేవీ లేని మామూలు జవాను సంగతి చూద్దాం.

1973 జూలై 12న సెయింట్ లూయిస్ శివార్లలోని సైనిక రికార్డుల కేంద్రం ఆరో అంతస్తు అంటుకుంది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల వరకు సర్వీసు ఫైళ్ళు నాశనమయ్యాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏ ఫైళ్ళున్నాయో చెప్పే జాబితా కూడా లేదు. ఫైళ్ళున్న అంతస్తుల్లో మంటలార్పే నీటి స్ప్రింక్లర్లు కూడా లేవు. అణుబాంబులను లెక్కపెట్టి దాచుకున్న దేశం, ఆ బాంబుల కాలంలో తన కోసం పోరాడినవాళ్ళ కాగితాలకు ఒక్క నకలు తీసుకోలేకపోయింది. 1912కీ 1960కీ మధ్య సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం పోయాయి. అంటే రెండు ప్రపంచ యుద్ధాలూ, కొరియా యుద్ధమూ కలిపి ఒకే పొయ్యిలో!

వైమానిక దళంవాళ్ళ పంపకం మరీ సొగసైనది. 1947 నుంచి 1964 వరకు బయటికొచ్చినవాళ్ళలో, ఇంగ్లీషు అక్షరక్రమంలో హబ్బర్డ్ అనే ఇంటిపేరు తరవాత వచ్చేవాళ్ళవి 75 శాతం కాలిపోయాయి. హబ్బర్డ్‌కు ముందువాళ్ళు బతికిపోయారు. అద్దంకివారైతే వీరులుగా మిగిలేవారు, వేమూరివారైతే బూడిదయ్యేవారు. జాతకాల పిచ్చి మనకే ఉందనుకుంటాం గానీ, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి శౌర్యం నిర్ణయమయ్యే శాస్త్రం మన పంచాంగాల్లో కూడా లేదు.

ఇంత మంటలోనూ చల్లటి వార్త ఒకటుంది. జవానుకు చివరి జీతం ఎంత చెల్లించారో చెప్పే వోచర్లు వేరేచోట ఉండి భద్రంగా బయటపడ్డాయి. కాలిపోయిన ఫైళ్ళను ఇప్పుడు తిరిగి అల్లుతున్నది వాటితోనూ, దళాల రోజువారీ హాజరు నివేదికలతోనూ. ఆ మనిషి దేశానికి ఏమిచ్చాడన్న లెక్క కాలిపోయింది. దేశం దగ్గర ఏం తీసుకున్నాడన్న లెక్క మాత్రం పైసలతో సహా మిగిలింది.

ఇప్పుడు ముసలాయనైన ఆ జవాను, లేదా ఆయన పోయాక కూతురో మనవడో, విడుదల పత్రం తీసి చూస్తారు. దానికిప్పుడున్న పేరు డీడీ-214. ఇప్పటి నమూనాలో 13వ గడి పతకాలది. ఉండాల్సిన పతకం ఆ గడిలో లేదు. అప్పుడు డీడీ-149 అనే దరఖాస్తు నింపి సైనిక రికార్డుల సవరణ బోర్డుకు పంపాలి. చట్టం ఉద్దేశం గొప్పదే. పొరపాటును దిద్దడానికి, అన్యాయాన్ని తొలగించడానికి అని స్పష్టంగా రాసుకున్నారు. చిక్కంతా ఆ తరవాతే. ఆఫీసు ఆనాడు తన పని సక్రమంగానే చేసి ఉంటుందన్న నమ్మకంతో బోర్డు విచారణ మొదలుపెడుతుంది. కాదని రుజువు చేయాల్సిన భారం దరఖాస్తుదారుడిదే. అంటే కాగితం పోగొట్టినవాడు నిజాయితీపరుడన్నది స్వతస్సిద్ధం. కాలు పోగొట్టుకున్నవాడు నిజాయితీపరుడన్నది మాత్రం రుజువు కావాలి. ఆ రుజువు ఏ ఫైల్లో ఉంది? కాలిపోయిన ఫైల్లో!

పైగా పొరపాటును కనుక్కున్న మూడేళ్ళలోపే అర్జీ పెట్టుకోవాలి. దాటితే, న్యాయం కోసం మినహాయించాలా వద్దా అన్నది బోర్డు దయ. అన్నీ కలిసొచ్చి సవరణ మంజూరైనా పాత కాగితంలోని తప్పును మామూలుగా తీసెయ్యరు. అది అలాగే ఉంటుంది. డీడీ-215 అని ఇంకో కాగితం ఇస్తారు, రెండూ కలిపి చూపించుకుంటూ తిరగాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు మనవాళ్ళు. అక్కడి పూజారికి ఫారం నంబర్లు కూడా ఉన్నాయి.

అందువల్ల రేపటి యుద్ధాలకు వెళ్ళే యువకులకు కొన్ని సూచనలు. గాయపడితే ఇచ్చే పర్పుల్ హార్ట్‌కు, శత్రువు వల్ల గాయమైందనీ, దానికి వైద్య సిబ్బంది చికిత్స చేశారనీ రికార్డులో ఉండాలి. కాబట్టి తూటా తగలగానే కంగారుపడి కట్టు కట్టించుకోకండి. ముందు వైద్యుడిచేత రాయించుకోండి. ఆయన పక్కవాడి ప్రాణం కాపాడే పనిలో ఉంటే, పూర్తయ్యేవరకు వరసలో నిలబడండి. సాహసం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులు ఎదురుగా ఉండేట్టు చూసుకోండి. ఆ సాక్షులు యుద్ధంలో చావకూడదు, తరవాత యాభై ఏళ్ళపాటు ఇల్లు మారకూడదు. రుజువులన్నీ మూడు జిరాక్సులు తీసి, ప్రభుత్వ భవనాలకు దూరంగా దాచుకోండి.

ఇంత జాగ్రత్త తెలియని అమాయకుడు కెంటకీ రైతుబిడ్డ లెఫ్టినెంట్ గార్లిన్ కానర్. 1945 జనవరి 24న ఫ్రాన్స్‌లోని హూసెన్ దగ్గర, తుంటి గాయం మానకముందే ఆసుపత్రి నుంచి జారుకుని వచ్చి, టెలిఫోన్ తీగ చుట్టను లాక్కుంటూ శత్రువు ఎదుటికి పరిగెత్తారు. లోతులేని గుంటలో మూడు గంటలు పడుకుని, జర్మన్లు దగ్గరికి ముంచుకొస్తే తన మీదికే గుండ్లు వెయ్యమని సొంత ఫిరంగులకు కబురిచ్చారు. యుద్ధమయ్యాక ఊరికెళ్ళి సేద్యం చేసుకున్నారు. ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వాలని అడిగితే సవరణ బోర్డు 1997లో కాదంది. 1998లో ఆయన పోయారు. 2000లో బోర్డు మళ్ళీ కాదంది. భార్య పాలీన్ కోర్టుకెక్కితే, 2014లో న్యాయమూర్తి ఆ సాహసాన్ని మెచ్చుకుని, గడువు దాటిందని కొట్టేశారు. సొంత ఫిరంగుల్ని తన మీదికి పిలిచిన మనిషికి ఆఖరికి తగిలింది క్యాలెండరు. ప్రయత్నం మొదలైన ఇరవై రెండేళ్ళకు, 2018 జూన్ 26న, ఆ పతకం భార్య చేతికొచ్చింది.

ఆల్బనీ రైల్వే స్టేషన్లో మూటలు మోసిన హెన్రీ జాన్సన్‌ది ఇంకా పాత కథ. 1918 మే నెలలో ఫ్రాన్స్ అడవిలో కాపలా కాస్తూ, గుంపుగా మీదపడ్డ జర్మన్లను గుళ్ళు అయిపోయాక తుపాకీ మడమతోనూ, ఆపైన కత్తితోనూ ఎదుర్కొన్నారు. ఒంటిమీద 21 గాయాలు. ఫ్రాన్స్ వెంటనే పతకమిచ్చింది. సొంత దేశం ఆయన పేరు చెప్పి యుద్ధ పొదుపు స్టాంపులు అమ్ముకుంది, పతకం మాత్రం ఇవ్వలేదు. 1929లో ఆయన పేదరికంలో పోయారు. పోయిన 67 ఏళ్ళకు పర్పుల్ హార్ట్, 86 ఏళ్ళకు మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చాయి. చచ్చినవాడి కళ్ళు చారెడన్న సామెత వాషింగ్టన్‌కు కూడా తెలుసన్నమాట.

దొంగ పతకాలు తగిలించుకుని తిరిగేవాళ్ళున్నారు, జాగ్రత్త పడొద్దా అంటారు పెద్దలు. పడాల్సిందే. రాని పతకం వచ్చిందని చెప్పుకోవడమే నేరమని 2006లో చట్టం తెచ్చారు. అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ మరుసటి ఏడే, లాభం కోసం మోసగించేవాళ్ళకు జైలని ఇంకో చట్టం చేశారు. మంచిదే. లేని పతకాన్ని ఉందన్నవాడికి ఇన్ని చట్టాలు రాసినవాళ్ళు, ఉన్న పతకాన్ని లేదన్న ఆఫీసుకు ఒక్క శిక్ష రాయలేదు. దొంగను పట్టుకోవడానికి నిఘా పెట్టండి, ఎవరూ కాదనరు. కానీ సొత్తు పోయినవాడినే దొంగలా నిలబెట్టి ప్రశ్నించడం నిఘా కాదు.

మందు చిన్నదే. ఫైలు ప్రభుత్వ కస్టడీలో పోయిందని తేలితే రుజువు భారం ప్రభుత్వానిదే కావాలి. తోటి సైనికుడి వాంగ్మూలం, ఇంటికి రాసిన ఉత్తరం, ఒంటిమీద మచ్చ తప్పని తేలేవరకు నిజమే కావాలి. మూడేళ్ళ గడువు జవానుకు కాదు, జవాబివ్వాల్సిన ఆఫీసుకు పెట్టాలి.

అమెరికా సైన్యంలో పిల్లలున్న మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. మీవాళ్ళు యూనిఫాం విప్పే రోజున డీడీ-214 మీద సంతకం చేసేముందు 13వ గడి చదవమనండి. నకలు ఇంట్లో పెట్టుకోండి. ఇక ఆ బోర్డుకు కూడా ఒక మాట. పతకం ఇవ్వడానికి యాభై, ఎనభై ఏళ్ళు తీసుకున్న ప్రభుత్వానికి, అడిగినవాడితో గడువు దాటిందని చెప్పే హక్కు లేదు.