అద్దాల పంచ (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరానికి ఆగ్నేయంగా చాండ్లర్ అనే ఊరు ఉంది. చిప్పుల కర్మాగారాల పుణ్యమా అని అక్కడ తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. ఆ ఊరి గృహస్థు ఒకడు జనవరి ఉదయాన పెరట్లో కూర్చున్నాడు. చలిగాలికి చేతిలో టీ చల్లారిపోతూంటే, ఆ దుఃఖంలో ఈ పద్యం చెప్పాడు. ఇది జనవరిలో పుట్టిన పద్యమన్న సంగతి పాఠకుడు చివరిదాకా గుర్తుంచుకోవాలి. జూన్‌లో ఆ ఊళ్ళో ఎవరి నోటా ఇలాంటి పద్యం రాదు.

మూలం

పడమటింటి వెనుకనున్న పాత పంచ
నద్దములతోడ మూయించి యందు గూడి
యెండ గాగుచు టీ త్రాగి యింపు మీర
మేస్త్రి! వెలయెంత? చెప్పుమా మించకుండ.

ప్రతిపదార్థం

మేస్త్రి = ఓ లైసెన్సు గల కాంట్రాక్టరా!; పడమటి ఇంటి వెనుకను ఉన్న = పడమరకు వీపు పెట్టిన ఇంటికి పెరటివైపు ఉన్నట్టి; పాత పంచను = కింద కాంక్రీటు, పైన కప్పు, మూడు వైపులా గాలి గల పేషియోను; అద్దములతోడన్ = గాజు పలకలే గోడలుగా; మూయించి = బిగింపజేసి; అందున్ = ఆ గాజు గదిలో; కూడి = ఆలుబిడ్డలతో చేరి; ఎండన్ కాగుచు = ఎండలో వెచ్చబడుచు; టీ త్రాగి = టీ తాగి (ఇందులో క్లిష్టత లేదు); ఇంపు మీరన్ = సుఖము అతిశయించునట్లుగా; వెల ఎంత = ఖర్చు ఎంతగును?; మించకుండన్ = హద్దు దాటకుండ; చెప్పుమా = చెప్పవలసినది.

తాత్పర్యం

ఓ కాంట్రాక్టరా! మా ఇంటి వెనక పడమటి పేషియో ఉన్నది. దానికి చుట్టూ అద్దాలు బిగించి సన్‌రూమ్ చేసి పెట్టు. మేము అందులో కూర్చుని ఎండలో టీ తాగుతాము. ఎంతవుతుందో చెప్పు, తక్కువలో చెప్పు.

వ్యాఖ్య

పడమటింటి: ఇల్లు పడమరకు వీపు ఎందుకు పెట్టింది అని శంక. వాస్తు వల్ల అని సమాధానం. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు తూర్పు వాకిలి దొరికేదాకా ఏజెంటును ఊరంతా తిప్పుతారు. అక్కడి ఇళ్ళకు పేషియో పెరట్లో ఉంటుంది. వాకిలి తూర్పయితే పెరడు పడమర కాక తప్పదు. కనుక వాస్తు చేసిన పుణ్యం ముంగిట్లో కనబడితే, దాని శేషఫలం పెరట్లో అనుభవానికి వస్తుంది.

దక్షిణపు పంచ అయితే వ్యాఖ్యాత ఇంత కఠినంగా మాట్లాడడు. ఫీనిక్స్ సుమారు 33 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు 80 డిగ్రీల ఎత్తున ఉంటాడు, రెండడుగుల చూరు చాలు ఆయన్ను బయటే ఆపడానికి. డిసెంబరులో 33 డిగ్రీల ఎత్తునే నడుస్తాడు కాబట్టి అదే చూరు కిందుగా లోపలికి వచ్చి వెచ్చబరుస్తాడు. పడమటి సూర్యుడికి ఈ మర్యాదలేవీ లేవు. జూన్ సాయంత్రం 5 గంటలకు సుమారు 30 డిగ్రీల ఎత్తుకు దిగి, ఏ చూరుకూ చిక్కకుండా నేరుగా సోఫాలోకి వస్తాడు.

పాత: ఈ విశేషణం పాదపూరణ కోసం వేసింది కాదు. పేషియో కాంక్రీటును వాన నీరు ఇంటివైపు రాకుండా బయటికి వాలుగా పోస్తారు. అడుగుకు పావు అంగుళం వాలు అంటే పన్నెండు అడుగులకు మూడు అంగుళాలు. గది అయ్యాక పిల్లవాడి గోలీ తనంతట తానే పడమటి అద్దం దాకా దొర్లుకుపోతుంది. పైకప్పు నీడ కోసం వేసింది, గోడల బరువూ ఏసీ చల్లదనమూ దాని ఊహలో లేవు. పడకగది కిటికీ ఆ పంచలోకి తెరుచుకుంటూ ఉంటే మరో చిక్కు ఉంది: అగ్ని ప్రమాదంలో మనిషి దూకి బయటపడాల్సిన కిటికీ బయటికే తెరుచుకోవాలని నిబంధన.

అద్దములతోడ మూయించి: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది, ఆపద కూడా ఇక్కడే ఉంది. వెలుతురు అద్దంలోంచి సులువుగా దూరుతుంది. నేలనూ సోఫానూ తాకి వేడిగా మారాక, ఆ దీర్ఘ తరంగాలకు అద్దం దారి ఇవ్వదు. లోపలికి పోవడం తెలిసి బయటపడడం తెలియని అభిమన్యుడి కథ ఇది అని ప్రాచీన వ్యాఖ్యాతల మతం. నవ్యులు ఒప్పుకోరు. 1909లో ఆర్. డబ్ల్యు. వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త రెండు పెట్టెలు చేసి, ఒకదానికి గాజు మూత, రెండోదానికి ఆ వేడి తరంగాలు కూడా దాటిపోగల రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. వేడెక్కిన గాలి పైకి లేచి వెళ్ళిపోవడానికి దారి లేకపోవడమే అసలు కారణమని తేల్చాడు. కాబట్టి ఈ పదబంధంలో దోషం 'అద్దముల'లో కొంత, 'మూయించి'లో ఎక్కువ అని గ్రహించాలి.

కాగుచు: శ్లేషాలంకారం. కాగుట అంటే వెచ్చబడుట, మరుగుట కూడా. జనవరిలో మొదటి అర్థం, జూలైలో రెండోది. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 43 సెల్సియస్, లేదా అంతకు పైన నమోదైంది. 2024లో వరుసగా 113 రోజులు 100 డిగ్రీలకు తగ్గలేదు. 1990 జూన్ 26న 122 డిగ్రీలు చూసిన ఊరది. టీ కాగిందా, కవి కాగాడా అన్న సందేహానికి ఆ రోజుల్లో తావుండదు.

ఇంపు మీర: ఇంపు ఎంత మీరుతుందో లెక్క కట్టవచ్చు. వేసవి సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 700 వాట్ల ఎండ పడుతుంది. పది చదరపు మీటర్ల మామూలు అద్దం అందులో ఎనభై శాతం లోపలికి పంపినా 5,600 వాట్లు. ఒక టన్ను ఏసీ తోడిపోసేది 3,500 వాట్లు. అంటే ఒక్క ఎండను తోడడానికే టన్నున్నరకు పైగా కావాలి. కప్పు వేడి, నేల వేడి, మామగారు తెరిచి పెట్టిన తలుపు వేరు. ఈ రాష్ట్రం 1967లో ఒక్క వేసవి గడియారం గంట ముందుకు జరిపి చూసి, సాయంత్రపు ఎండ ఇంకా సాగడం భరించలేక, 1968లో ఆ పద్ధతి మానుకుంది. నవాహో ప్రాంతం తప్ప మిగతా అరిజోనా నేటికీ గడియారం కదపదు. ఊరంతా త్వరగా పోతే బాగుండునని కోరే సూర్యుణ్ణి కవి డబ్బిచ్చి ఇంట్లో పెట్టుకోబోతున్నాడు.

మేస్త్రి! వెలయెంత?: ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అమెరికా నిర్మాణ నిబంధనల్లో సన్‌రూములకు ఐదు తరగతులున్నాయి. ఒకటవది జాలీ కట్టిన గది, ఐదవది ఇంటితో కలిసిపోయి ఏసీ గల నివాసపు గది. వీటిలో ఏది కావాలో కవి చెప్పలేదు. చెప్పని మాటకు మేస్త్రి ఎప్పుడూ ఐదో తరగతి అర్థమే చెబుతాడు.

మించకుండ: ఇక్కడ 'ముంచకుండ' అని పాఠాంతరం ఉంది. 'మే'కు 'ముం' యతి చెల్లదు కనుక ఆ పాఠం త్యాజ్యం. అర్థం మాత్రం గ్రాహ్యం.

పూర్వపక్షాలు

లో-ఈ అద్దం వేస్తే సరి అని ఒక పక్షం. నిజమే, రెండు పలకల మధ్య, బయటి పలక లోపలి ముఖానికి పూత పూసిన అద్దం ఎండ వేడిలో పావువంతే పంపుతుంది. పై లెక్కలో 5,600 వాట్లు 1,750కి దిగుతాయి. కానీ ఎండను ఆపడానికే అంత ఖరీదైన అద్దం కొంటే ఎండ గది కట్టడమెందుకు?

లోపల కర్టెన్లు కడితే సరి అని రెండో పక్షం. అద్దం దాటిన ఎండలో చాలా భాగం అప్పటికే ఇంటి వేడి అయిపోయింది. దాన్ని ఆపే తెర అద్దానికి బయట ఉండాలి.

వేసవిలో ఆ గది తలుపు మూసేస్తాం, చలికాలమే వాడతాం అని మూడో పక్షం. ఇది బలమైన వాదం. అయితే అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఊరి గాలే హాయిగా ఉంటుంది. ఉదయపు చలికి అద్దాల గది కంటే శాలువా చవక.

సిద్ధాంతం

రెంటచింతల నుంచి వచ్చిన మామగారు ఈ పద్యం విని, "అల్లుడుగారూ, మన పల్నాట్లో ఎండాకాలం వస్తే వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకుంటాం. మీరు అద్దాలు కట్టి ఎండకు స్వాగతం చెబుతున్నారేమిటి?" అన్నారు. వ్యాఖ్యాతకు ఇంతకు మించిన ప్రమాణం అక్కర్లేదు. ఏసీలు రాకముందు ఫీనిక్స్ జనం కూడా వేసవి రాత్రులు వసారాల్లో, చుట్టూ తడి దుప్పట్లు వేలాడదీసి పడుకునేవారు. ఎడారిలో దాచుకోదగ్గది నీడ. పంచలో అది ముందే ఉంది. దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు.

కనుక పంచకు దోమల జాలీ కట్టించాలి. అక్కడివారు దాన్ని అరిజోనా రూమ్ అంటారు. పడమర వైపు జాలీ బయట ముదురు సన్ స్క్రీన్ దించాలి. పెరట్లో మెస్కీట్ చెట్టు నాటాలి. అది మన జమ్మికి దగ్గరి చుట్టం, ఎడారి నీటి లెక్క తెలిసిన చెట్టు. పైన ఒక ఫ్యాను చాలు. మే, జూన్ పొడి రోజుల్లో నీటి కూలరు కూడా పనిచేస్తుంది. జూలై నాటికి వానాకాలపు తేమ వచ్చాక దాని మహిమ తగ్గుతుంది. దుమ్ము తుఫాను వస్తే జాలీలోంచి దుమ్ము రాదా అంటే వస్తుంది. దానికి చీపురు ఉంది.

ఫలశ్రుతి

ఈ టీకను బయానా ఇవ్వకముందు చదివినవారికి శాలువా లభిస్తుంది. బయానా ఇచ్చాక చదివినవారికి లో-ఈ అద్దమూ, అద్దాలు బిగించాక చదివినవారికి రెండు టన్నుల ఏసీ లభిస్తాయి. జూలై సాయంత్రం అయిదింటికి ఆ పడమటి పంచలోనే కుర్చీ వేసుకుని మూలపద్యాన్ని రాగయుక్తంగా చదవగలిగినవారు మాత్రం నిస్సందేహంగా మేస్త్రికి ఫోన్ చేయవచ్చు.