నా కడుపులో ఒక రాత్రి

నేను స్టీలు బేసినుని. మూతి వెడల్పు, లోతు తక్కువ. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్టులో నన్ను కాటాలో పెట్టి, తూకానికి ధర కట్టి అమ్మారు. బిల్లు రాసిన చేత్తోనే కొట్టాయన చిన్న మిషను తీసుకుని టర్రుమని మోత పెడుతూ నా అంచు కింద చుక్కలు చుక్కలుగా పెళ్లికూతురి పేరు, పెళ్లి తేదీ చెక్కాడు. ఆ చుక్కల్లో ఇప్పటికీ పసుపు ఇరుక్కుంటుంది, ఎంత తోమినా పోదు. విమానానికి 23 కిలోల లెక్క కట్టేటప్పుడు నన్ను వదిలేద్దామన్నారు. చివరికి నా కడుపు నిండా వడియాలు, అప్పడాలు కుక్కేసరికి నాకూ టికెట్టు దొరికింది. అలా డాలస్ పక్కన ఒక ఊరికి సారె సామానుగా వచ్చిపడ్డాను.

నేను పొయ్యెక్కను. నా పని కలపడం, ఆరబెట్టడం, ఊరనివ్వడం. పులిహోరకి అన్నం నా మీదే ఆరబోస్తారు. వేడి తగ్గకముందే పసుపు, నూనె పట్టించి, చింతపండు పులుసు కలిపి, మూతేసి వదిలేస్తారు. పులుపు మెతుకులోకి దిగడానికి టైము కావాలి కదా. అందుకే ఈ ఇంటి కోడలు మొదటిసారి నాలో పాస్తా సలాడ్ కలిపి ‘రేపటికి’ అన్నప్పుడు నేనేం బెదరలేదు.

దాన్ని మెడిటరేనియన్ సలాడ్ అంటారు. పాస్తా ఇటలీది. ఆలివులు, ఫెటా చీజు గ్రీసువి. అందరూ తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలు అమెరికావి. మెడిటరేనియన్ సముద్రం ఒడ్డు వాళ్ల తిండికి 2010లో యునెస్కో వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ఇటలీ, గ్రీసు, స్పెయిన్, మొరాకో కలిసి తెచ్చుకున్న గుర్తింపు అది. ఆ తిండికీ నా కడుపులో పడేదానికీ చుట్టరికం ఎంతో నాకు తెలీదుగానీ, ఇటలీలో ఎండాకాలం చల్లటి పాస్తా తినడం మాత్రం నిజంగానే ఉంది. ఆగస్టు 15న వాళ్లకి ఫెరాగోస్తో అని పెద్ద సెలవు. సముద్రానికి పోయేవాళ్లు ముందే కలిపి పెట్టుకున్న పాస్తా డబ్బా పట్టుకెళతారు.

నేను చెప్పబోయేది జులై 3 సాయంత్రం సంగతి. మర్నాడు అమెరికా స్వాతంత్ర్య దినం, పార్కులో పిక్నిక్. ఇండియా నుంచి అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడ శాకాహారి, పైగా దేన్నీ చూసి ఊరుకునే మనిషి కాదు.

“గుడ్డు ఉంటుందా అమ్మా ఇందులో?”

“ఉండదు అత్తయ్యా. పొట్లం వెనక చూడండి, గోధుమరవ్వ, నీళ్లు, అంతే.”

నిజమే. ఎండు పాస్తాకి వాడేది దురం గోధుమ. మన దగ్గర బన్సీ రవ్వ అని అమ్మేది కూడా ఆ గోధుమదే. ఎండు పాస్తా దురం రవ్వతోనే చెయ్యాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు. మామూలు గోధుమపిండితో చేస్తే ఉడికేసరికి మెత్తబడిపోతుంది. దురం గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి ఆకారం నిలబడుతుంది. అత్తగారికి అర్థమయ్యేలా కోడలు “ఉప్మా రవ్వకి చుట్టమే” అంది. ఆవిడ ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పి చూశారు. ఫుసిల్లి అంటారు, మర మేకులా మెలితిరిగి ఉంటుంది. సలాడ్‌కి ఇదే సరైనదని నా అభిప్రాయం. ఆ మెలికల్లో పులుపూ ఆకుముక్కలూ దూరి కూర్చుంటాయి. స్పగెట్టిలాంటి పొడుగు తీగలు నాలో వేస్తే మాత్రం తెల్లారేసరికి జడ పడిపోతాయి.

454 గ్రాముల పొట్లానికి ఐదు లీటర్ల నీళ్లు, లీటరుకు పది గ్రాముల లెక్కన ఉప్పు. పాస్తా లోపలికి ఉప్పు వెళ్లేది ఈ ఒక్కసారే. తరవాత పైన ఎంత చల్లినా పైపైనే ఉంటుంది. ఇక ఎంతసేపు ఉడికించాలనేది పెద్ద తగాదా. వీధి చివర ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. పంటికింద కొంచెం పలుకు తగలకపోతే అది పాస్తానే కాదంటాడు. వేడిగా తినేదానికి ఆయన మాట సరే. కానీ తెల్లారేదాకా దాన్ని మోసేదాన్ని నేను కదా, నాకు తెలుసు. వేడిలో నీళ్లు తాగి ఉబ్బిన పిండి చల్లబడితే మళ్లీ బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పలుకులెక్కేది కూడా అందుకే. పొయ్యి మీంచి పలుకుగానే దింపేస్తే మర్నాటికి రబ్బరు నమిలినట్టుంటుంది. పొట్లం మీద 11 నిమిషాలని ఉంటే కోడలు 13 నిమిషాలు ఉంచుతుంది. నాది ఆవిడ పార్టీ.

ఉడికింది చిల్లుల గిన్నెలోకి వంచి, పైన చన్నీళ్లు తిప్పింది. అత్తగారి గుండె గుభేలుమంది.

“వేడివేడిగా తినాల్సినదాన్ని నీళ్ల కింద పెడతావేమిటే!”

“చల్లగా తినేదే అత్తయ్యా. కడక్కపోతే జిగురుకి అంతా ఒక ముద్దవుతుంది.”

వేడి పాస్తాని కడగడం మహాపాపమే. ఆ జిగురే సాసుని పట్టుకుంటుంది. సలాడ్‌కి ఆ జిగురే శత్రువు. అయితే కోడలు పూర్తిగా చల్లారేదాకా కడగదు. ఉడకడం ఆగేంతవరకు నీళ్లు పోసి, గోరువెచ్చగా ఉండగానే గట్టిగా విదిల్చి నాలోకి దిమ్మరిస్తుంది. నీళ్లు మిగిలితే నూనె పట్టదు, పులుపు పలచబడుతుంది.

అప్పటికే సీసాలో డ్రెస్సింగ్ తయారుగా ఉంది. అర కప్పు ఆలివ్ నూనె, మూడు చెంచాల రెడ్ వైన్ వినెగర్, ఒక నిమ్మకాయ, నూరిన వెల్లుల్లి, ఎండు ఒరిగానో, మిరియాలు, నూనె పులుపూ విడిపోకుండా పట్టుకోవడానికి ఒక చెంచా ఆవముద్ద. సీసా మీద ‘వైన్’ అని చదివి అత్తగారు వెనక్కి జరిగారు. పులిసి పులిసి సారా అంతా వినెగరైపోయిందని ఒప్పించేసరికి పాస్తా ఇంకాస్త చల్లారింది.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ డ్రెస్సింగ్‌లో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే పాస్తాకి పట్టించి, మిగతాది సీసాలోనే ఉంచి ఫ్రిజ్‌లో దాచాలి. వెచ్చగా ఉన్న పాస్తా దాహం మీద ఉంటుంది, పోసింది పోసినట్టు లాక్కుంటుంది. అంతా ఒకేసారి పోసేస్తే ఆ రాత్రికి నిగనిగలాడుతుంది. పొద్దున చూస్తే ఎండిపోయి ఉంటుంది, పొయ్యడానికి చేతిలో ఏమీ ఉండదు. ముందురోజు చేసిన పాస్తా సలాడ్ బాగోదని చెప్పేవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బ తిన్నవాళ్లు.

నిమ్మరసం, వినెగర్ నన్నేం చెయ్యవా అంటే, చెయ్యవు. నాలో ఉన్న క్రోమియం గాలి తగిలి కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. పులుపు దాన్ని దాటదు. ఇత్తడి అక్కయ్యలకి కళాయి పూయాలి, అల్యూమినియం తమ్ముళ్లు పులుపు తగిలితే రుచి పాడుచేస్తారు. నాకూ ఒక బలహీనత ఉందిలెండి. ఉప్పునీళ్లు రోజుల తరబడి నిలవుంచితే నా ఒంటి మీదా చుక్కలు పడతాయి. ఒక్క రాత్రికి ఏం కాదు.

రాత్రి నాతో పడుకునేవాళ్లు కొందరు, పొద్దున చేరేవాళ్లు కొందరు. ఉడికించిన కాబూలీ సెనగలు, క్యాప్సికం ముక్కలు, ఆలివులు రాత్రే చేరతాయి, ఊరినకొద్దీ బాగుంటాయి. ఎర్ర ఉల్లిపాయని పల్చగా తరిగి, పది నిమిషాలు చన్నీళ్లలో ఉంచి ఘాటు తగ్గించాకే వెయ్యాలి. లేకపోతే ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఉల్లి వాసనే. కీరా దోసకాయ, టమాటా, ఆకులు, చీజు రాత్రి రాకూడదు. కీరా ఉప్పు తగిలితే నీరు వదిలేస్తుంది, నా అడుగున మడుగు కడుతుంది. తరిగిన టమాటా ఫ్రిజ్‌లో పడుకుంటే దాని వాసన చచ్చిపోతుంది. బేసిల్ ఆకు పులుపులో తెల్లారేసరికి నల్లబడుతుంది. పార్స్‌లీ, పుదీనా దానికంటే మొండివి.

ఆలివుల్లో గింజలు తియ్యడం అత్తగారికి అప్పగించారు. కలమాటా రకం, గ్రీసుకి దక్షిణాన ఉన్న ఆ ఊరి పేరే దానికి పెట్టారు. వంకాయ రంగులో, బాదం గింజలా కొస తేలి ఉంటాయి, ఉప్పునీళ్లలో ఊరబెట్టినవి. కత్తి బల్లపరుపుగా ఆనించి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కితే కాయ చీలి గింజ బయటికొస్తుంది. గింజలు తీసేసిన సీసాలూ దొరుకుతాయి కానీ, లోపలికి ఉప్పునీరు చేరి అవి మెత్తబడి ఉంటాయి. ఆవిడకి ఆ పని బాగా నచ్చింది. టీవీలో సీరియల్ చూస్తూ నొక్కుతూ పోయారు. గింజల కుప్ప పక్కన పెరుగుతూ ఉంది. కాయలూ గింజలూ లెక్క సరిపోయాయో లేదో నాకు కొంచెం అనుమానంగానే ఉండింది, ఎవరూ నన్నడగలేదు.

ఫెటా సంగతి కూడా చెప్పాలి. ఐరోపాలో ఆ పేరు 2002 నుంచి గ్రీసు సొంతం. గొర్రెపాలతో చెయ్యాలి, మేకపాలు నూటికి ముప్పై పాళ్లు మించకూడదు. అమెరికాలో ఆ కట్టుబాటు లేదు, ఆవుపాలదీ ఫెటానే. మా ఇంట్లో చూసేది ఇంకొకటి. పాలు విరగ్గొట్టడానికి వాడే రెనెట్ దూడ కడుపులోంచి తీసిందా, సూక్ష్మజీవులతో చేసిందా అని కోడలు అట్ట మీద అక్షరం అక్షరం చదివింది. అత్తగారు ఉన్నన్నాళ్లూ మొదటిది ఇంట్లోకి రాదు. పొడిగా అమ్మేది కాకుండా ఉప్పునీళ్లలో ముంచిన దిమ్మ తెచ్చి పొద్దున చేత్తో విరవడం మంచిది. పొడికి ఉండలు కట్టకుండా ఏదో ఒకటి కలుపుతారు, నోట్లో ఇసకలా తగులుతుంది.

పళ్లెం బోర్లించి నన్ను ఫ్రిజ్‌లోకి తోశారు. లోపల 4 డిగ్రీలు. ఇక్కడ నా వెడల్పు పనికొస్తుంది. లోతు గిన్నెలో మధ్యన ఉన్నది గంటలపాటు వెచ్చగానే ఉండిపోతుంది, క్రిములకి కావలసింది అదే. నాలో అంతా పల్చగా పరుచుకుని తొందరగా చల్లబడుతుంది. పైగా స్టీలుకి వేడి వదిలెయ్యడం గాజుకంటే బాగా తెలుసు. పక్కన పాలడబ్బా, ఆవకాయ జాడీ, దోసెలపిండి. నాలో మెలికలు పులుపు పీల్చుకుంటూ పోయాయి. వెల్లుల్లి పచ్చివాసన తగ్గింది. ఒరిగానో ఆకు మెత్తబడి దాని సారం వదిలింది.

పొద్దున పళ్లెం తీసేసరికి పైన తెల్లగా పలుకులు. “బూజు పట్టిందమ్మా, పారెయ్!” అన్నారు అత్తగారు. బూజు కాదు, చలికి పేరుకున్న ఆలివ్ నూనె. ఇరవై నిమిషాలు గట్టు మీద పెడితే కరిగిపోయింది. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని తల అడ్డంగా ఊపారు.

“చప్పగా ఉంది. రాత్రి బాగానే ఉందే!”

రాత్రి బాగున్నమాట నిజం. చల్లటి తిండిలో ఉప్పూ పులుపూ నాలుకకి తక్కువగా తెలుస్తాయి. పైగా డ్రెస్సింగ్ అంతా లోపలికి పోయింది. రుచి చూడాల్సింది వేడిగా ఉన్నప్పుడు కాదు, వడ్డించే చల్లదనంలో. కోడలు దాచిన సీసా తీసి గిలక్కొట్టి పోసింది. గింజల భాగం చెంచాతో గీకేసిన కీరా, సగానికి కోసిన చెర్రీ టమాటాలు, పుదీనా, పార్స్‌లీ, చేత్తో విరిచిన ఫెటా చేరాయి. గరిట పెట్టి తిప్పితే ఫెటా నలిగి అంతా తెల్లగా పులుముకుపోతుందని రెండు చేతులతో అడుగు నుంచి పైకి తీసి కలిపింది. అత్తగారు మళ్లీ నోట్లో వేసుకున్నారు. ఈసారి ఏమీ అనకుండా రెండో ముక్క తీసుకున్నారు.

పార్కులో ఎండ 95 ఫారెన్‌హీట్ దాటింది, మన లెక్కలో 35. మామూలుగా ఇలాంటివి రెండు గంటలు బయట ఉంచవచ్చని, 90 దాటితే మాత్రం గంటేనని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. అందుకని నన్ను ఇంకో పెద్ద గిన్నెలో ఐసు మీద కూర్చోబెట్టారు. మిగిలితే మళ్లీ ఐస్ బాక్సులోకే. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఉంటుంది, కానీ కీరా కలిశాక రెండో రోజు తరవాత నాకైతే దాన్ని మొయ్యబుద్ధి కాదు.

నాలో సగం ఖాళీ అయ్యేసరికి అత్తగారి కొడుకు స్నేహితుడొకాయన ప్లేటు పట్టుకుని మళ్లీ వచ్చాడు.

“వదినా, దీన్నెలా చేశారు?”

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. “ముందురోజే చేసుకోవాలి నాయనా. రెండు నిమిషాలు ఎక్కువ ఉడకాలి. చన్నీళ్లు పోసి జిగురు పోగొట్టాలి. రసం అంతా ఒకేసారి పోసెయ్యకూడదు, సగం దాచుకోవాలి. చీజు ఆఖర్న. ఆలివులు మాత్రం నేనే ఒక్కొక్కటీ నొక్కి గింజ తీశాను, కళ్లు మూసుకుని తినెయ్యొచ్చు.”

“కొలతలు, పిన్నిగారూ?”

“కొలతలెందుకు, కంటితో చూసి వేసుకోవడమే!”

పొట్లానికి అర కప్పు నూనె, మూడు చెంచాల వినెగర్ అని నాకు తెలుసు. నన్నెవరడిగారు? ఆయన తల ఊపి, పెద్ద చెంచాడు నోట్లో పెట్టుకుని, కళ్లు కూడా మూసుకున్నాడు. మరుక్షణం దవడ దగ్గర టక్కుమంది.