చెప్పానా లేదా!

కృష్ణా డెల్టాలో వరి కోశాక మినుము వేస్తారు. మినుము పీకాక అవార్డు జోస్యం వేస్తారు. మొదటి రెండింటికీ నీళ్లు కావాలి, పెట్టుబడి కావాలి. మూడోదానికి సెల్‌ఫోను, నోరు ఉంటే చాలు.

తెనాలిలో ఒకడు, బాపట్లలో ఒకడు, రేపల్లెలో ఒకడు. పేర్లు అనవసరం, మీ స్నేహితుల్లోనూ ఈ ముగ్గురూ ఉండే ఉంటారు. జాతీయ సినిమా అవార్డుల కబురు పొక్కగానే వీళ్లకి జ్యూరీ పూనుతుంది. ఉత్తమ చిత్రమేది, ఉత్తమ నటుడెవరు, ముందే రాసి పడేయాలి. ఓడినవాడు తెనాలి బోస్ రోడ్డులో మిగతా ఇద్దరికీ జిలేబీ తినిపించాలి.

తెనాలివాడిది వారసత్వం. చక్రపాణి, జగ్గయ్య, గుమ్మడి, కృష్ణ అందరూ ఈ ఊరివాళ్లో చుట్టుపక్కలవాళ్లో కాబట్టి సినిమా తన రక్తంలోనే ఉందంటాడు. రక్తంలో ఉన్నాక ఇక టికెట్టు కొనడం దేనికి? బాపట్లవాడిది శాస్త్రం. గత పదేళ్ల విజేతల వయసు, భాష, గడ్డం పొడవుతో సహా ఎక్సెల్ షీటులో ఎక్కించాడు. రేపల్లెవాడిది ముందుచూపు. ఫలితాల ముందు రాత్రి ఒక్కో అవార్డుకి నాలుగు పేర్లు నాలుగు విడివిడి మెసేజ్‌లుగా పెడతాడు. మర్నాడు చూస్తే మూడుచోట్ల ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అని ఉంటుంది. మిగిలిన దాని కింద ‘చెప్పానా లేదా మావా!!!’ అని ఉంటుంది.

ఆస్కార్ మీద పందెం కాశారంటే ఏదో ఒక అర్థం ఉంది. నామినేషన్లు ముందే బయటికొస్తాయి. ఓటేసేవాళ్లు దాదాపు పదివేల మంది. నటుల సంఘం, దర్శకుల సంఘం ఇచ్చే అవార్డులు ముందే వచ్చి గాలి ఎటుందో చెబుతాయి. అయినా 2022లో వెరైటీ పత్రిక ఊహాగానాల జాబితాలో జూనియర్ ఎన్టీఆర్ పేరు కనపడగానే మనవాళ్లు ప్రమాణ స్వీకారానికి ముహూర్తం పెట్టేశారు. చివరికి ‘ఆర్ఆర్ఆర్’కి నామినేషన్ వచ్చింది ఒక్క పాటకే. ఆ పాట గెలిచింది.

మన జాతీయ అవార్డులకి ఆ పాటి ఆధారం కూడా లేదు. నామినేషన్లు ఉండవు. నిర్మాత దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రాంతీయ ప్యానెళ్లు వడగట్టి పంపితే కేంద్ర జ్యూరీ తలుపులేసుకుని తేలుస్తుంది. ఆ జ్యూరీ ఏటా మారుతుంది. లోపల ఎవరు కూర్చున్నారో, ఏ సినిమాలు చూస్తున్నారో తెలియదు గానీ వాళ్ల మనసులో ఏముందో మాత్రం బాపట్లలో ఎక్సెల్ షీటుకి తెలుసు!

పైగా ఫలితం వచ్చేసరికి సినిమా ఎప్పుడొచ్చిందో మరిచిపోతాం. ‘పుష్ప’ 2021 డిసెంబరులో విడుదలైంది. అల్లు అర్జున్‌కి ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించింది 2023 ఆగస్టు 24న, చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన మర్నాడు. 1967 సినిమాలతో మొదలైన ఆ అవార్డు ఒక తెలుగు నటుడికి రావడం అదే మొదలు. అంటే అన్నేళ్లూ ‘మనోడికి రాదురా’ అని చప్పరించినవాడి జోస్యం నూటికి నూరు పాళ్లూ నిజమైంది. ఒక్క సినిమా చూడకుండా, ఒక్క లెక్క కట్టకుండా నెగ్గిన అంతటి సిద్ధాంతి ఆంధ్రదేశంలో ఇంకొకడు లేడు. ఆ ఏడాది తప్పాడు కదా అంటే, ‘రాదు రాదు అంటుంటేనే వస్తుందని నాకు తెలుసు’ అన్నాడు.

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డుల సంగతి మరీ విచిత్రం. 2017 నవంబరులో మూడేళ్ల అవార్డులు ఒకేసారి ప్రకటించారు. 2014కి ‘లెజెండ్’, 2015కి ‘బాహుబలి’, 2016కి ‘పెళ్లి చూపులు’ ఉత్తమ చిత్రాలు. టీవీల్లో రోజుల తరబడి కీచులాట. అది చూసిన మన తెనాలివాడు సినిమాలు పక్కనపెట్టి సెక్రటేరియట్ వైపు చూసి జోస్యం చెప్పడం నేర్చుకున్నాడు. ఎవరి సినిమా బాగుందని ఆలోచించడం మానేసి, ఎవరిది ఎవరికి నచ్చుతుందని ఆలోచించడం మొదలైతే ప్రేక్షకుడు పోయి బ్రోకరు మిగులుతాడు.

నిజంగా ఈ నేల అవార్డులు కొట్టలేదా? తెనాలి శారద ఉత్తమ నటిగా మూడుసార్లు ఊర్వశి అయింది. అందులో మొదటి రెండూ, ‘తులాభారం’, ‘స్వయంవరం’, మలయాళం సినిమాలు. రేపల్లె రైలు దారిలో భట్టిప్రోలు దగ్గరి పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్, రెవెన్యూ ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడే సోమయాజులుని హీరోగా పెట్టి ‘శంకరాభరణం’ తీస్తే నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి. తెలుగమ్మాయి మలయాళంలో, వయసు మళ్లిన హీరో సంగీత కచేరీలో! ఏ షీటులో ఏ గడిలో పెడతావు బావా వీళ్లని? లెక్కకి దొరకనిది చేశారు కాబట్టే వాళ్లకి అవార్డులు.

2024 ఆగస్టులో ఉత్తమ చిత్రం మలయాళ ‘ఆట్టం’. పన్నెండు మంది మగవాళ్లు, ఒకే ఒక ఆడమనిషి ఉన్న నాటక బృందం కథ. బాపట్ల స్థానం నరసింహారావుగారిని ఆడవేషంలో చూసి మురిసిన ప్రాంతానికి, ఆయన తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామ వేసిన ఊరికి, అంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? మన ముగ్గురూ ఆరోజు ఏం చేశారంటే, ‘కాంతార’కి రిషబ్ శెట్టి వస్తాడని ఎవరు ముందు చెప్పారో తేల్చుకోవడానికి పాత మెసేజ్‌లు తవ్వుకున్నారు. ఆట్టం అంటే ఏంటి మావా అని ఒక్కడూ అడగలేదు. మనం చూడకుండా వదిలేసిన సినిమా ఇదిగోనయ్యా అని చూపించడానికే ఏ అవార్డైనా. వీళ్లకది జిలేబీ ఎవరు కొనాలో తేల్చే చిత్తుబొత్తు.

కాబట్టి నాదొక సవరణ. ఇకమీదట ఎవరికి వస్తుందని పందెం వద్దు. వచ్చిన సినిమాని ఈ ముగ్గురిలో ఎంతమంది చూస్తారని పెట్టుకుందాం. నేను సున్నా మీద కాస్తున్నా. జిలేబీ వేడిగా చుట్టమనండి.